ఇద్దరికీ ఒకే నంబరు

నాకు చెవుడు వచ్చిందని ఆఫీసులో తేల్చేశారు. అలా మొహం మీద అనలేదు లెండి. వినికిడి పరీక్ష అయ్యేదాకా కాల్స్ తీసుకోవద్దని మర్యాదగా చెప్పి, నా హెడ్‌సెట్ తీసేసుకుని, స్టోర్స్ గదిలో కూర్చోబెట్టారు. అక్కడ గ్లవ్స్ డబ్బాలు, బ్యాటరీలు, స్ట్రెచర్ బెల్టులు ఉంటాయి. వాటితో కాలక్షేపం చేయడానికి చెవులు అక్కర్లేదు.

నేను పనిచేసేది అంబులెన్స్ కంట్రోల్ రూములో. ఫోన్ తీసి, ఎవరికి ఏమైంది, ఎక్కడున్నారు అని కనుక్కుని, దగ్గర్లో ఉన్న బండిని పంపిస్తాను. ఆ రోజు ఒకాయన తన భార్య మెట్ల మీద నుంచి పడిపోయిందని ఫోన్ చేశాడు. చిరునామా చెబుతుండగా మాట ముక్కలు ముక్కలుగా తెగిపోయింది. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ తెగింది. ఇంకోసారి అడిగేసరికి ఆయనకు ఒళ్ళు మండి, "నిద్రపోతున్నావా అమ్మా?" అని అరిచి పెట్టేశాడు. నేనే తిరిగి ఫోన్ చేసి, బతిమాలి, చిరునామా తెలుసుకుని బండి పంపేసరికి ఆలస్యమైంది. ఆవిడకు ప్రాణాపాయం తప్పింది, కాలు మాత్రం విరిగింది. ఆయన ఫిర్యాదు చేశాడు. ఆయన స్థానంలో నేనున్నా చేసేదాన్నే.

ఫిర్యాదు రాగానే మా సూపరింటెండెంట్ మేడమ్ ఆ కాల్ రికార్డింగ్ తెప్పించి విన్నారు. అందులో ఆయన చిరునామా అక్షరం పోకుండా, గంట కొట్టినట్టు వినిపిస్తోంది. మధ్యలో నేను మాత్రం చెవిటిదానిలా మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాను. ఇంకేం చెప్పను? మా వరసలో మిగతావాళ్ళకూ అప్పుడప్పుడు మాట తెగుతూనే ఉంది. కానీ నోరు విప్పితే తమనూ చెవుల డాక్టరు దగ్గరికి తోలుతారని ఎవరికి వారు తలలు దించుకున్నారు.

అన్నట్టు, మా కుటుంబంలోనే నెట్‌వర్క్ మనుషులు ఇద్దరున్నారు. ఒకరు మా ఆయన, ఇంకొకడు మా తమ్ముడు. ఇద్దరిదీ మా ఆఫీసే. మేము కాల్స్ తీసుకునే పాత భవనం మా ఆయన చూస్తారు. బండ్లు వచ్చి ఆగే కొత్త భవనం తమ్ముడు చూస్తాడు. ఒక్కో భవనంలో ఒక్కో కోర్ స్విచ్ ఉంది. గోడ మీద నొక్కే స్విచ్ కాదు, బీరువాలో బిగించిన పెద్ద పెట్టె, ముందు వైపంతా కేబుళ్ళే. ఫోన్లో మాటలు, మ్యాపులు, బండ్లలో కెమెరాల వీడియోలు అన్నీ ఆ రెండు పెట్టెల గుండానే పోవాలి.

మా హాల్లో ప్రతి వరసకూ ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాని నుంచి ఒక కేబుల్ మా ఆయన పెట్టెకూ, ఇంకొకటి తమ్ముడి పెట్టెకూ వెళ్తాయి. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుందని అలా పెట్టారు. అయితే రెండు దారులూ ఒకేసారి తెరిచి ఉంచకూడదట. ఉంచితే ఒకే కబురు అటు పోయి ఇటు వచ్చి గిరగిరా తిరుగుతూనే ఉంటుందట, కాసేపట్లో అన్నీ స్తంభించిపోతాయట. అందుకే స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు పెట్టారు. పెట్టెలన్నీ తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుంటాయి, దాన్ని రూట్ అంటారు. మిగతావి ఆ పెద్ద వైపు పోయే దారి తెరిచి, రెండో దారి మూసి పెట్టుకుంటాయి. ఎవరు పెద్ద అనేది మనుషులు వేసే నంబరును బట్టి ఉంటుంది, నంబరు చిన్నదైతే పెద్దరికం దానిది. ఇదంతా నేను చదువుకుని నేర్చుకోలేదు. అన్నాల దగ్గర వినీ వినీ వంటబట్టింది.

కొత్త భవనం వచ్చినప్పుడు చిన్న నంబరు ఎవరి పెట్టెకు వేయాలన్న దాని మీద బావా బావమరుదులిద్దరూ రోజూ తగువులాడుకున్నారు. మా ఆయన అనుభవం నాదన్నారు. తమ్ముడు కొత్త సరుకు నాదన్నాడు. చివరికి మా అమ్మకు విసుగొచ్చింది. గరిటె పట్టుకుని వచ్చి, "అల్లుడు గారూ, మీరూ వాడూ ఒకే నంబరు వేసుకోండి. ఇక ఈ ముచ్చట నా వంటింట్లో వినపడకూడదు" అంది. ఇద్దరూ అలాగే వేసుకున్నారు. అత్తగారి మాట మీద నెట్‌వర్క్ నడిచే ఆఫీసు మాదొక్కటే అయి ఉంటుంది.

హెడ్‌సెట్ పోయిన రోజు సాయంత్రం మా ఆయనకు జరిగిందంతా చెప్పాను. అప్పటికే ఆయన వెళ్ళి తన పెట్టె చూసుకుని వచ్చారట. దీపాలన్నీ పచ్చగా ఉన్నాయట.

"రికార్డింగ్ నేనూ విన్నాను. స్పష్టంగానే ఉంది. నువ్వు అలసిపోయి ఉంటావు" అన్నారు.

ఆఫీసువాళ్ళు అన్నప్పుడు కోపం వచ్చింది. ఈయన అన్నప్పుడు మాత్రం గుండెలో కలుక్కుమంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి నా మాట కంటే ఆ పచ్చదీపాలు ఎక్కువయ్యాయి. ఆ పూట నేను అన్నం తినలేదు, ఆయన గమనించనూ లేదు.

చెవుల డాక్టరు నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి, రకరకాల మోతలు వినిపించి, "మీవి పాము చెవులమ్మా" అని నవ్వాడు. ఆ మాటే వెళ్ళి మేడమ్‌కు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "చెవులు బాగున్నాయంటే ధ్యాస బాగోలేదన్నమాట" అన్నారు. విచారణ పూర్తయ్యేదాకా స్టోర్సులోనే ఉండమన్నారు. తప్పు నాదని తేలితే ఇక కాల్స్ సీటు జన్మలో ఇవ్వరు. నాకు వేరే పని రాదు, చేయాలనీ లేదు.

సెలవు రోజు తమ్ముడు భోజనానికి వచ్చాడు. నేను వడ్డిస్తూ, ఎవరూ అడగకపోయినా మళ్ళీ మొదలుపెట్టాను. మాట ఎప్పుడుబడితే అప్పుడు తెగదనీ, డ్యూటీ మారే వేళ, బండ్లన్నీ ఒక్కసారి తిరిగొచ్చేటప్పుడే తెగుతుందనీ చెప్పాను. తమ్ముడి చెయ్యి ముద్ద దగ్గర ఆగింది.

"బండ్లు రాగానే వాటి కెమెరాల్లో వీడియోలన్నీ నా పెట్టెలోకి ఎక్కుతాయక్కా. కానీ నీ ఫోన్ మాట నా వైపు రావలసిన పనే లేదే" అన్నాడు. ఆయన వైపు తిరిగి, "బావా, ఈ మధ్య మీ పెట్టె గానీ మార్చారా?" అని అడిగాడు.

"మార్చాను. పాతది కాలిపోయింది. పాత సెట్టింగులే ఎక్కించాను. నంబరు కూడా అదే" అన్నారు మా ఆయన. అంటూనే మొహం పాలిపోయింది.

"నంబరు అదేలే. అదే కదా తంటా" అన్నాడు తమ్ముడు మెల్లగా.

నాకు అర్థమయ్యేలా చెప్పమని గద్దించాను. చెప్పారు. రెండు పెట్టెలకూ ఒకే నంబరు ఉంటే, ఫ్యాక్టరీలో ప్రతి పెట్టెకూ వేసి పంపే చిరునామా చూస్తాయట, అదీ ఒక పొడుగాటి నంబరేనట. అందులో ఎవరిది చిన్నదైతే వాళ్ళు పెద్ద. మా ఆయన పాత పెట్టెది చిన్న చిరునామా కాబట్టి ఇన్నాళ్ళూ పెద్దరికం దానిదే. కొత్తగా వచ్చిన పెట్టెది పెద్ద చిరునామా. అది బిగించిన క్షణం నుంచి పెద్దరికం చప్పుడు కాకుండా తమ్ముడి పెట్టెకు పోయింది. మా వరస స్విచ్ తమ్ముడి వైపు దారి తెరిచి, మా ఆయన వైపు దారి మూసేసింది. ఫోన్ల యంత్రమేమో మా ఆయన గదిలోనే ఉంది. దాంతో పక్క గదిలో ఉన్న మాట కొత్త భవనానికి పోయి, రెండు పెట్టెల మధ్య ఉన్న ఒక్క కేబుల్లో వీడియోలతో కుమ్ములాడుకుని నా చెవికి చేరాలి. రికార్డింగ్ యంత్రం కూడా ఫోన్ల యంత్రం పక్కనే ఉంది. దానికి మాట నిండుగానే అందింది, తెగిందల్లా అక్కడి నుంచి నా దాకా వచ్చే దారిలో.

"అయితే ఇన్నాళ్ళూ మీ పెట్టెదే పెద్దరికమని మీకు తెలుసా?" అని మా ఆయన్ని అడిగాను.

"తెలుసు" అన్నారు.

"నీకురా?"

"నాకూ తెలుసక్కా. అమ్మ చెప్పిన రోజే తెలుసు. బావ కదా అని ఊరుకున్నాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకాయన తెలిసి మురిసిపోయాడు, ఇంకొకడు తెలిసి త్యాగం చేశాడు, మధ్యలో నేను చెవిటిదాన్నయ్యాను. చేతిలో గిన్నె అక్కడ పెట్టేసి లేచిపోయాను.

మర్నాడే మా ఆయన, కాల్స్ తక్కువగా ఉన్న వేళ చూసి, తన పెట్టెకు చిన్న నంబరు, తమ్ముడి పెట్టెకు దాని తర్వాతి నంబరు వేశారు. మామూలు నిర్వహణ పని అని మేడమ్‌కు చెప్పారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకంటే రెండు భవనాలకూ కలిపి ఒకే నెట్‌వర్క్ హెడ్‌ను వేయబోతున్నారు, ఆ కుర్చీ దాదాపు ఆయనదే. కొత్త పెట్టె బిగించి, పెద్ద ఎవరో కూడా చూసుకోలేదంటే ఆ కుర్చీ ఏమవుతుందో ఆయనకు తెలుసు.

మా హాల్లో మాట తెగడం ఆగిపోయింది. కొన్నాళ్ళకు మేడమ్ స్టోర్సుకు వచ్చి, "చూశావా, నువ్వు సీట్లోంచి లేచాక ఒక్క ఫిర్యాదూ లేదు" అన్నారు. ఆవిడ వెటకారంగా కూడా అనలేదు, నిజంగా నమ్మి అన్నారు. మా ఆయన దారి బాగుచేశారు, ఆ బాగు చేయడంతోనే తప్పు నాదని రుజువైపోయింది.

ఇంటికెళ్ళి ఆయన్ని నిలదీశాను. "మళ్ళీ పాత నంబరు వేయండి. మేడమ్‌ని నా సీట్లో కూర్చోబెట్టి వినిపించండి" అన్నాను.

"వేస్తే ఆ కాసేపు నిజంగా ఫోన్ చేసేవాళ్ళకు తెగుతుంది. ఎవరి ప్రాణమో పోతే?"

అది నిజమే. నా పరువు కోసం ఎవరి మాటా తెగకూడదు. "అయితే చూపించడానికేం లేదు. చెప్పడమే ఉంది" అన్నాను. ఇంకేం అడగలేదు. అడిగి చెప్పించుకుంటే దానికి విలువేముంది?

మర్నాడు పొద్దున స్టోర్సుకు కబురొచ్చింది, మేడమ్ గదికి రమ్మని. వెళ్ళేసరికి ఆయన బల్ల ముందు నిలబడి ఉన్నారు. తమ్ముడు కుర్చీలో ఉన్నాడు, వాడి మొహం చూస్తే అప్పటికే సగం అయిపోయినట్టుంది. పెట్టె మార్చడం, నంబరు, దారి మూసుకుపోవడం, ఏదీ దాచకుండా ఆయనే చెప్పుకొచ్చారు. తమ్ముడు మధ్యలో "నేనూ చూడలేదు మేడమ్" అనబోతే, "ఆగు, మార్చింది నేను" అన్నారు.

మేడమ్ పెన్నుకు మూత పెట్టి పక్కన పడేశారు. "మరి మాట తెగుతోందని మీ ఆవిడ ఇంట్లో మీకు చెప్పలేదా?" అని అడిగారు.

"మొదటి రోజే చెప్పింది మేడమ్. అప్పటికే నేను వెళ్ళి పెట్టె చూసి వచ్చాను, బాగానే ఉంది. పెట్టెను నమ్మాను, ఆవిడను నమ్మలేదు."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆఫీసులో ఏడవడం నాకు అసహ్యం, అయినా తిరిగాయి. మేడమ్ లేచి, బీరువా తెరిచి, నా హెడ్‌సెట్ తీసి చేతికిచ్చారు. క్షమించమని కూడా అన్నారు, కాస్త కష్టపడే అన్నారు.

హెడ్ కుర్చీ తమ్ముడికి వెళ్ళింది. ఇప్పుడు మా ఆయనకు సెలవు కావాలంటే బావమరిదిని అడగాలి. వాడు సంతకం పెట్టడానికి సిగ్గుపడి చస్తున్నాడు.

హెడ్‌సెట్ చేతికొచ్చిన రోజు సాయంత్రం నేనూ మా ఆయనా బస్‌స్టాపు దాకా నడిచాం. "కోపం పోయిందా?" అని ఆయనే అడిగారు.

"ఆఫీసు మీద పోయింది. మీ మీదది ఇంకా ఉంది" అన్నాను.

"ఉండనీ. పోయేదాకా నేనూ ఉంటాను" అన్నారు.