తిరగేసిన మీసం

చచ్చినవాడికి ముక్కు దురద పుట్టకూడదని ఎక్కడా లేదు, పుడితే గోక్కోకూడదు, అంతే. వెల్లకిలా చావడమే ఇవాళ చేసిన పొరపాటు అనుకున్నాడు సెక్-వింగ్. బోర్లా పడి ఉంటే గడ్డికి రాసుకునేవాడు. మీసం కింది బంక ఎండకి కరిగి పై పెదవి మీద చీమలా పాకుతోంది. అవతల హీరో ఇంకా కత్తి తిప్పుతున్నాడు, ఇంకా ఎవరెవరో చావాలి. పర్వాలేదు. ఆలోచనలు తీరిగ్గా వచ్చేది ఇలా పడుకున్నప్పుడే. ఇంట్లో కళ్లు మూసుకుంటే భార్య యుక్-లాన్ ప్లాస్టిక్ పువ్వులకు రేకులు గుచ్చే టిక్కుటిక్కు, గోడ అవతలివాళ్ల రేడియో. ఇక్కడ చచ్చాక ఎవరూ ఏ పనీ చెప్పరు.

రేపటినుంచి ఈ తీరిక ఉండదు. బావమరిది గంజి దుకాణంలో చేరుతున్నాడు. ఎడమ మోకాలు పడటానికి ఇంకా ఒప్పుకుంటోంది గాని లేవడానికి ఒప్పుకోవడం లేదు. పని మానేస్తున్నందుకు బాధేమీ లేదు, గంజి అతనికి ఇష్టమే. లోపల గుచ్చుకుంటున్నది వేరే. ఇవాళ మధ్యాహ్నం ఆటకు యుక్-లాన్ వస్తానంది. అతను ఉన్న సినిమాకు ఆమె రావడం పెళ్లయిన ఇన్నేళ్లలో ఇదే మొదలు.

"కట్" అన్నారు. ఫైటు మాస్టారు లుక్ వచ్చి చెయ్యందించి లేపాడు.

"ఆఖరి చావు, బాగా చచ్చావయ్యా."

"ముక్కు దురద పుట్టింది మాస్టారూ."

"కదిలిందా?"

"లేదు."

"మరింకేం."

మీసం ఊడబెరికి ఇవ్వబోతే లుక్ తీసుకోలేదు. "ఉంచుకో. గంజిలో పడకుండా చూసుకో."

కౌలూన్‌కి తిరిగొచ్చే లారీలో, కర్ర కత్తుల మధ్య కూర్చుని, పనిలో చేరిన రోజున ఇదే లుక్ చెప్పిన మాట తలుచుకున్నాడు. 'నీది మంచి మొహం. ఎవరికీ గుర్తుండదు. గుర్తుండిన రోజున నీ అన్నం పోయినట్టే. ఒకసారి చచ్చినవాణ్ణి జనం రెండోసారి నమ్మరు.' అప్పటినుంచి దెబ్బ తగిలిన ప్రతిసారీ ఆఖరి క్షణంలో మొహం పక్కకి తిప్పుకునేవాడు. అది బయట కూడా అలవాటైపోయింది. వీధిలో గోడవారగా నడిచేవాడు. టీ కొట్లో వడ్డించేవాడు తనని మరిచిపోయి పక్కబల్లకు వెళ్లిపోతే, ఆకలితోనే లోలోపల కాస్త గర్వపడేవాడు.

కాని కిందటేడు యుక్-లాన్ రేకు గుచ్చుతూ గుచ్చుతూ తలెత్తకుండానే అంది: "మా ఆయన సినిమాల్లో ఉంటాడని ఎదురింటావిడతో అన్నాను. ఏ సినిమాలో, ఎక్కడ అని అడిగింది. ఏం చెప్పమంటావు?"

ఆ తరవాత తీసిన సినిమాలోనే, చివరి చావుకి, మొహం తిప్పుకోకుండా కెమెరా వైపే పడ్డాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ సినిమా నిన్న విడుదలైంది. మనుషులు చాలక అందులో అతన్ని మూడుసార్లు చంపారు. మూడోసారి యుక్-లాన్ తనని చూడాలి, మిగతా హాలు మాత్రం చూడకూడదు. హాలు చూస్తే నవ్వుతుంది. ఆ నవ్వు ఆమె పక్కన కూర్చుని వినాలి.

షామ్ షుయ్ పో పేటలో హాలు ముందు, చెరకు అమ్మేవాడి బండి పక్కన, పెళ్లిళ్లకు వేసుకునే నీలం గౌనులో నిలబడి ఉంది యుక్-లాన్.

"మోకాలి తైలం కంపు కొడుతున్నావు," అంది.

"రేపట్నుంచి గంజి వాసన."

"అందులో అల్లమైనా ఉంటుంది. నయమే."

లోపల రేవు కూలీలు, లారీలవాళ్లు, పొద్దుటి షిఫ్టు దిగి వచ్చిన మిల్లు ఆడవాళ్లు. అందరి చేతుల్లో చెరకు ముక్కలు. సినిమా నచ్చకపోతే నమిలిన పిప్పి తెర మీదికి పోతుంది. ఈ హాలు తీర్పు చెప్పే పద్ధతి అదే. ఆట మొదలైన కాసేపటికే ముందు వరసల్లోంచి రెండు పిప్పి ఉండలు ఎగిరాయి.

"కోట గోడ ఊగుతోంది చూడండర్రా. ఎవడన్నా తుమ్మితే పడిపోయేలా ఉంది."

"హీరోగారి చెయ్యి వాడికి తగల్లేదు. చప్పుడు మాత్రం మనకి తగిలింది."

మొదటి చావులో అతను దొంగ. సారాకొట్టు మేడ మీదినుంచి పడ్డాడు.

"నువ్వెక్కడ?" అంది యుక్-లాన్.

"పడిపోయాను."

"ఎప్పుడు?"

రెండో చావుకి రాజుగారి కాపలావాడు, మీసంతో. ఈసారి ఆమె మెడ ముందుకి సాచి చూసింది. ఆమె చూసిందో లేదో అతను తేల్చుకునేలోపే వెనకనుంచి లారీ మనిషి గొంతు లేచింది.

"ఒరే, వీడు ఇందాకే చచ్చాడురా."

"కాదెహె, వాడికి మీసం లేదు."

"మీసం అంటించుకోడం ఎంతసేపు? ఆ చెవి చూడు. దొప్పలాంటి ఆ చెవి ఊరికంతటికీ ఒకటే ఉంటుంది."

సెక్-వింగ్ చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది. ఇన్నేళ్లూ మొహాన్ని దాచాడు. చెవుల సంగతి లుక్ మాస్టారికి కూడా తట్టలేదు.

మూడో చావుకి, అదే మీసం, కొసలు పైకి తిప్పి అంటించారు. అతను గొడ్డలి పట్టుకుని పొదల్లోంచి దూకగానే హాలు గొల్లుమంది.

"తిరగేశాడురోయ్ మీసం."

"రావయ్యా రా, నీకోసమే కూర్చున్నాం."

హీరో ఒక్క తన్ను తన్నాడు. సెక్-వింగ్ కెమెరా వైపు పడ్డాడు. ఆ పైన హీరో న్యాయం గురించీ, తండ్రి ఆత్మశాంతి గురించీ చాలాసేపు మాట్లాడాడు. ఒక్కరూ వినలేదు. అందరి కళ్లూ తెర కింది మూలనే ఉన్నాయి. అక్కడ శవం ముక్కు మీద ఈగ వాలింది. ముక్కు కదిలింది. కదిలిందని సెక్-వింగ్‌కి ఇప్పటిదాకా తెలియదు.

"బతికే ఉన్నాడు."

"లేవరా అబ్బాయ్, వాడు అటు తిరిగున్నాడు. లేచి ఒక్కటివ్వు."

"లే, లే, లే." ముందు వరసలు కాళ్లతో తాళం వేశాయి.

సెక్-వింగ్ సీట్లోకి కుంగిపోయాడు. పక్కన యుక్-లాన్ భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు. కొంగులేని గౌను చేతికి కళ్లు తుడుచుకుంటూ, నవ్వాగక, ఆమె అతని వైపు తిరిగింది.

"ఇన్నేళ్లూ ఇది నాకు చూపించకుండా దాచావా?" అంది. తరవాత మోచేత్తో పొడిచింది. "లే మరి. పిలుస్తున్నారుగా."

మోకాలు కలుక్కుమంది. అయినా లేచి నిలబడ్డాడు.

"ఓ పెద్దాయనా, కూర్చో," అని అరిచాడు లారీ మనిషి. "శవం కనబడ్డం లేదు."

కూర్చోమంటే కూర్చోవడం అతనికి తెలిసిన పని. ఒళ్లు సగం వంగింది కూడా. అంతలో చెయ్యి జేబులోకి పోయి మీసం పైకి తీసింది. పొద్దుటి బంక ఇంకా జిగురుగానే ఉంది. కొసలు పైకి ఉండేలా పెదవి మీద అదుముకుని, వెనక్కి తిరిగి, తెర వెలుగులో చెవి బాగా కనబడేటట్టు నిలబడ్డాడు.

తలలు ఒక్కొక్కటే అతని వైపు తిరిగాయి.

"చెవి," అన్నాడు లారీ మనిషి నీరసంగా. "అదే చెవి."

ఆ తరవాత హీరో ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. మిల్లు ఆడవాళ్లు సీట్లెక్కి చూశారు. ఎక్కడినుంచో ఎవరూ కొరకని చెరకు ముక్క ఒకటి బయలుదేరి, చేతులు మారుతూ, తలల మీదుగా వచ్చి యుక్-లాన్ ఒళ్లో పడింది. ఆమె దాన్ని రెండుగా విరిచి ఒకటి అతనికిచ్చింది.

దీపాలు వెలిగాయి. జనం మాట్లాడుకుంటూ కదిలారు.

"సినిమా చెత్త."

"చెత్తే. రేపు మా వదినని తీసుకొస్తాను, చూసి తీరాలి."

ఇక తను ఎక్కడా చావలేడని సెక్-వింగ్‌కి అర్థమైంది. ఈ ఊళ్లో చాలామందికి తన మొహం గుర్తుండిపోయింది. లుక్ చెప్పినట్టు అన్నం పోయింది, గంజి మిగిలింది. అనుకోగానే నవ్వొచ్చింది, నవ్వితే మీసం లాగింది. ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"రా, ఎదురింటావిడ పొయ్యి దగ్గరికి వెళ్లకముందే ఇల్లు చేరాలి," అంది యుక్-లాన్.

జేబులో పెట్టుకోబోయి, ఆగి, ముందు సీటు వెనకచెక్క మీద దాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కాడు. తరవాత ఆమె చెయ్యి పట్టుకుని, గోడవారకి పోకుండా, నడవ మధ్యలోంచి కుంటుకుంటూ బయటికి నడిచాడు.

ఖాళీ అయిన హాల్లో, చెక్క మీద, కొసలు పైకి తిరిగిన మీసం, ఫ్యాను గాలికి కొద్దిగా కదులుతూ.