ఎర్ర చుక్క పెట్టిన ప్లగ్గు

కాసెల్‌లో డెట్లెఫ్ నాలుగు నెలలుగా భోజనాల బల్ల మీద పాటల కోసమే ఒక కంప్యూటర్ బిగిస్తున్నాడు. దానికి కరెంటును వడకట్టి ఇచ్చే పెట్టె వేరే; అది కంప్యూటర్‌కు మూడింతల బరువు. భార్య హైకె చివరికి తేల్చి చెప్పేసింది: ఇవాళ తన చెవికి తేడా తెలిస్తే ఆ సామానంతా హాల్లో ఉంటుంది, లేదంటే సెల్లార్‌కు పోతుంది.

డెట్లెఫ్ ఒక పాట వినిపించి, కంప్యూటర్ ఆపి, బీరువా వెనక దూరి ప్లగ్గును తిరగేసి పెట్టాడు. అక్కడి ప్లగ్గులకు రెండే పుల్లలు కాబట్టి ఎటు పెట్టినా కరెంటు వస్తుంది కానీ, ఒక వైపే పాట బాగుంటుందని ఇలా మేలైన శబ్దం పిచ్చి ఉన్నవాళ్ల నమ్మకం. మళ్లీ అదే పాట పెట్టాడు.

"విన్నావా? గాయని ఒక అడుగు ముందుకొచ్చి పాడుతోంది!"

"వచ్చిందిలే," అంది హైకె.

గెలిచిన వైపు గుర్తుండాలని ప్లగ్గు మీద ఎర్ర చుక్క పెట్టడానికి అతను మళ్లీ దూరాడు. చుక్క పెట్టాక వైరును తడుముకుంటూ పోతే, అది మూలన ఆర్పేసి ఉన్న దీపం దగ్గర తేలింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అయినా బీరువా వెనక నుంచి బయటికి వచ్చాడు.

"హైకే, నేను తిప్పింది దీపం ప్లగ్గు."

"మరి గాయని?"

"నా బుర్రలోనే నడిచినట్టుంది. నీకెలా వినిపించింది?"

"నాకేం వినిపించలేదు. నీ మొహం చూసి జాలేసి అన్నాను."

ఇద్దరూ చెరో వైపు పట్టుకుని పెట్టెను సెల్లార్ మెట్లు దించుతుంటే డెట్లెఫ్ రొప్పుతూ అన్నాడు: "కింద కరెంటు ఇంకా శుభ్రంగా ఉంటుందేమో."