బోర్లించిన పడవ

చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి, జకరయ్య మాస్టారు బోర్డు మీద ఒక్కటే మాట రాశాడు: పడవ. రాసి, అలవాటుగా చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఎన్ని ఉతుకులకీ వదలని ఆ తెల్లమరకే ఆయన సర్వీసుకి దక్కిన పతకం. వేరే పతకాలేవీ రాలేదు, ఆయన అడగనూ లేదు.

వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డు బడిలో ఆయనకి ఇదే ఆఖరి రోజు. తొమ్మిదో తరగతి ఉపవాచకం ఒక చిన్న నవల. మొగుణ్ణి సముద్రం మింగేశాక, అందులో ఒకావిడ నలుగుర్ని పిలిచి అతని పడవని ఇసుకలో బోర్లింపజేస్తుంది. ఎందుకు? ఇరవై నాలుగేళ్ళుగా ఆయన అడుగుతున్న ప్రశ్న అది. గైడు చూసి అప్పజెప్తే ఊరుకునేవాడు కాదు. బడి విడిచేలోగా ఒక్క సొంత జవాబు వినాలని ఆయన ఆశ.

"ఎందుకు బోర్లేయించిందిరా?"

"ఆమె బతుకు తలకిందులైంది కాబట్టి సార్!" తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది.

మాస్టారు ఆ మాటని గుర్తుపట్టాడు. ఆ వాక్యం గైడుది కాదు, తనదే. ఎప్పుడో బోర్డు మీద రాసింది, అన్నల నోటుబుక్కుల్లోంచి తమ్ముళ్ళకి దిగుతూ వచ్చింది. కంచే చేను మేసినట్టయింది. ఆయనకి నిజంగా సిగ్గేసింది.

"నా మాట కాదు. మీ మాట చెప్పండి."

ఏడాదంతా నోరు విప్పని కెజియా చివరి బెంచీలోంచి లేచింది. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. పొద్దున్నే వాళ్ళ నాయనకి సాయం చేసొచ్చిన వేళ్ళకి తారు అంటుకుని ఉంది.

"అది కాదేమో సార్. మా నాయన గూడా ఇప్పుడు బోర్లేసినాడు, తారు పూసి అడుగు బాగుచేసేదానికి. వొద్దనుకున్న పడవని ఎవురూ బోర్లెయ్యరు సార్, అట్నే పడుంటది. ఆమె మళ్ళీ నీళ్ళల్లోకి దించాలనే బోర్లేయించినాది."

"ఎందుకంటే?" మాస్టారు పుస్తకం ముందుకు జరిపాడు.

కెజియా వచ్చి, ఆయన పుస్తకంలోనే ఒక పేజీ వెనక్కి తిప్పి, వేలు పెట్టి చూపించింది.

"ఎందుకంటే, ముందే తారు డబ్బా కొనింది గదా సార్."

ఆ తారు డబ్బా మీదుగా ఇరవై నాలుగేళ్ళు చదువుకుంటూ పోయాడాయన. ఏడుస్తూ కూర్చుందనుకున్న మనిషి ఆ పేజీలోనే మళ్ళీ పడవ దించడానికి సిద్ధపడి ఉంది.

"నేను తప్పు చదివినానమ్మా," అన్నాడు అందరి ముందూ. అనడానికి ఆయనేమీ చిన్నబోలేదు.

సాయంత్రం దండ వేశారు, శాలువా కప్పారు. అంతకుముందే ఆయన, పుస్తకం అంచున ఎప్పుడో రాసుకున్న తన పాత జవాబుని కొట్టేశాడు. పక్కన కెజియా మాట రాయబోయి, కలం మూసేశాడు. రాస్తే అదీ గైడే అవుతుంది. తర్వాత క్యారేజీ పట్టుకుని గూడూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

వచ్చే మాస్టారి కోసం పుస్తకం బల్ల మీదే ఉంది. తారు డబ్బా ఉన్న వరస పక్కన, నల్లగా, ఓ చిన్న వేలిముద్ర.