సజీవ వారసత్వం

మూట విప్పి, చిటికెడు మట్టి నాలుక మీద వేసుకొని కళ్ళు మూసుకున్నాడు తాజుద్దీన్ మియా. ముందు ఉప్పగా, చివర కొంచెం చేదుగా తగిలింది. బీదరు కోటలో ఎండా వానా సోకని గోడ కింది మట్టి అది. నలభై ఏడేళ్ళుగా పని మొదలుపెట్టే ముందు రుచి చూస్తున్నాడు. ఈసారి మాత్రం ఢిల్లీలో, హస్తకళల మేళాలో, ఏసీ హాలులో చూశాడు. ఇద్దరమ్మాయిలు ముఖం చిట్లించి, ఆ ముఖాలతోనే ఫోటో తీసుకున్నారు.

ఆయన ముందు బల్లకు ‘సజీవ వారసత్వం’ అని బోర్డు తగిలించారు. రాసినవాడికి వారసత్వం సంగతేమో గాని బంగారు రంగు ఎక్కడ పూయాలో బాగా తెలుసు. మియాకు తలపాగా కూడా చుట్టారు. బీదరులో ఆయన్ను తలపాగాతో చూసినవాళ్ళు లేరు. వద్దనడం ఆయనకు చేతకాదు. ఆ మెతకదనం చూస్తే ఒళ్ళు మండుతుంది. వీపు వంగిపోయింది, ఉలి పట్టీ పట్టీ కుడి బొటనవేలు పక్కకు తిరిగిపోయింది, అయినా ఎవరు కూర్చోమంటే అక్కడ కూర్చుంటాడు.

విదేశాలకు సరుకు పంపే కేడియా సేఠ్ వెండి తీగ పొదిగిన రెండు లోహపు కూజాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి మియాది, కోటమట్టితో నల్లబడింది. రెండోది కార్లకు వేసే నల్లరంగు పూసింది. నాలుగింటికి సరుకు కొనే విదేశీ దొర వచ్చి ఒకటి ఎంచుకుంటాడు. రంగుది ఎంచుకుంటే బీదరులో మియా కార్ఖానాలో ఆరుగురి సుత్తులు ఆగిపోతాయి.

అందుకే దొర కళ్ళముందే నల్లబరిచి చూపిద్దామని మియా ఒక చిన్న డబ్బా తెచ్చుకున్నాడు. వెండి తీగ పొదగడం అయింది గాని ఇంకా బూడిదరంగులోనే ఉంది. వేడిచేసి, మట్టీ నవాసారమూ కలిపిన నీళ్ళతో రుద్దితే లోహం నల్లబడి వెండి బయటపడుతుంది. అంతదాకా పువ్వెక్కడో ఆకెక్కడో తెలియదు. మధ్యాహ్నం మియా రొమ్ము పట్టేసినట్టుందని చెబితే, కేడియా సోడా తాగమన్నాడు.

దొర మూడింటికే వచ్చాడు. డబ్బా వేడెక్కేలోపే రంగు కూజాకు సంతకం పెట్టేశాడు. అదే ఎక్కువ మెరుస్తోందట. మియా లేచి నిలబడ్డాడు. సేఠ్ మాటకు అడ్డం రావడం ఆయనకు అదే మొదటిసారి.

“గోటితోని గీకి చూడుండ్రి సాబ్. ఊడొస్తది.”

దొర నిజంగానే గీకాడు. నల్లపొర గోట్లోకి వచ్చింది. నవ్వుతూ ఏదో అన్నాడు. కేడియా అదే మియాకు అర్థమయ్యేట్టు చెప్పాడు.

“కొనేటోళ్ళు గీకి చూడరంట చాచా. నువ్వు కూసో.”

మియా కూర్చున్నాడు. గోడకు ఆనుకొని, తల వాల్చి, మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం దాకా జనం బోర్డు కనబడేట్టు ఫోటోలు తీసుకుంటూనే ఉన్నారు. ఎంత ఏకాగ్రతో చూడమని ఒకావిడ భర్తకు చూపించింది. చివరికి ఊడ్చే మనిషి కాళ్ళు తియ్యమని రెండుసార్లు చెప్పి, మోకాలు తట్టింది. అప్పుడు తెలిసింది.

మర్నాడు కేడియా కళ్ళు తుడుచుకున్నాడు, బోర్డు మాత్రం తీయలేదు. దాని వెనక బల్ల మీద చిన్న డబ్బా అలాగే ఉంది, బూడిదరంగులో, వెండి ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా.