పిండి గ్రైండరు స్విచ్చి

విజయదశమి పొద్దున్నే పనిముట్లను నిద్ర లేపాలి. ఇంటి వర్క్‌షాపులో నిన్నంతా ఆయుధపూజకని దేవుడి ముందు పడుకున్న లేతు మిషను, డ్రిల్లు హారతి అయ్యాక ఒక్కొక్కటీ కాసేపు తిరిగాయి. అన్నిటికన్నా పాతదైన సాన మిషను మాత్రం మరగతం స్విచ్చి నొక్కితే కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. స్విచ్చి పిడి విరిగి చేతిలోకి వచ్చింది.

"అపశకునం! ఆ ఎద్దుల్ని పందెంలో దించొద్దని దేవుడే చెప్తున్నాడు," అంది తల్లి పళనియమ్మాళ్, హారతి పళ్ళెం పట్టుకునే.

మరగతం గడియారం వంక చూసింది. ఆమె భయం శకునానికి కాదు. పొల్లాచ్చి దగ్గర రేక్లా ఎడ్లబళ్ళ పందెం ఆ మధ్యాహ్నమే. చక్రం జారిపోకుండా ఇరుసుకు కొట్టే కడచీల పగిలిందని నిన్న బండి కడుగుతుంటే బయటపడింది. ఆయుధపూజ నాడు పనిముట్టు ముట్టకూడదు కదా అని ఊరుకుంది. కొత్త చీలకు ఉక్కు ముక్క సిద్ధంగానే ఉంది గానీ, దాన్ని సాన పట్టి ఇరుసు బెజ్జానికి సరిచెయ్యాలి. ఆకురాయితో రాస్తూ కూర్చుంటే పందెం కాస్తా తెల్లారుతుంది.

పందెం తప్పితే ఎద్దులు రెండూ బేరగాడు నాచిముత్తు పాలు. "ఈ దసరాకు గెలిస్తే ఉంచుకో, లేదంటే తిండి దండగ, అమ్మేస్తా," అని తల్లి ఊరందరి ముందూ చెప్పేసింది. సంతలో ఎవరూ కన్నెత్తి చూడని బక్క దూడల్ని తెచ్చి, సీసాతో పాలు పట్టి ఇంతవాటిని చేసింది మరగతం. అవి ఇంకొకరి కొట్టంలో ఉంటాయన్న ఊహకే ఆమెకు ఏడుపొస్తుంది.

"వైర్లు రెండూ కలిపి మెలిపెట్టెయ్యక్కా! స్విచ్చి ఎందుకు?" అన్నాడు తమ్ముడు వెళ్ళింగిరి. బండి తోలేది వాడే.

"కరెంటు పోయి వచ్చినప్పుడు అది దానంతటది తిరగబట్టే కదరా నాన్న వేలు తెగింది!"

ప్లగ్గు పీకి, మిషను బోర్లించి అడుగు రేకు విప్పింది. స్విచ్చి లోపల గంధం, కుంకుమ, విభూతి కలిసి గోడకు కొట్టిన గచ్చులా గట్టిపడి ఉన్నాయి.

"ఏటేటా స్విచ్చి మీద ఇన్నేసి బొట్లు పెట్టేది ఎవర్రా?"

వెళ్ళింగిరి పైకప్పు చూశాడు. "పాతది కదా అని కాస్త భక్తి ఎక్కువ..."

"భక్తి లేని పూజ పత్రి చేటంటారు. నీ భక్తి మిషనుకే చేటు!"

పండగ పూట ఏ కొట్టూ తీసి ఉండదు. ఆమె చూపు వంటింట్లోకి పోయింది. పిండి గ్రైండరుకు ఉన్నది కూడా అలాంటి స్విచ్చే, మోటారూ ఇంచుమించు అంతే. ఒక్క ఉదుటున లేచింది. తల్లి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ముట్టుకున్నావో చూడు! బియ్యం, మినప్పప్పు నానుతున్నాయి. రేపు ఇంటినిండా చుట్టాలు. నీ ఎద్దుల కోసం నా ఇడ్లీలు ఎగ్గొట్టాలా?"

"సాయంత్రానికి మళ్ళీ బిగిస్తా. లేకపోతే రోట్లో నేనే రుబ్బుతా."

"నువ్వా? రోలు ఏ మూల ఉందో తెలుసా నీకు?"

మరగతం వినలేదు. పక్కనుంచి దూరి గ్రైండరు ముందు కూర్చుని స్క్రూడ్రైవరు పెట్టింది. వెనకనుంచి తల్లి చెయ్యి వచ్చి ప్లగ్గు పీకింది.

"పీకకుండానే స్క్రూ విప్పుతావేం? చస్తావు."

ఆమె ఒప్పుకోవడం అంటే అంతే.

ఇక మరగతం చేతులకు రెక్కలొచ్చాయి. మిషనులో స్విచ్చి కూర్చునే బెజ్జం ఇరుకైతే గుండ్రటి ఆకురాయితో పెద్దది చేసింది. కాలిన వైరు కొసలు కత్తిరించి, కొత్త రాగి తేల్చి, స్క్రూల కింద బిగించి లాగి చూసింది. రేకు మూసింది. స్విచ్చి ఆపి ఉందని చూసుకుని ప్లగ్గు పెట్టింది. రాళ్ళకు ఎదురుగా కాక పక్కకు నిలబడి నొక్కింది.

గుయ్యిమంది మిషను! వెళ్ళింగిరి ఈల వేసి గంతేశాడు. ఉక్కు తగలగానే రవ్వలు చిమ్మాయి. మరగతం చీలను రాయికి ఆనించడం, నీళ్ళలో ముంచడం, పరుగున పోయి ఇరుసులో పెట్టి చూడడం, మళ్ళీ రావడం. ఆఖరికి సుత్తి దెబ్బకు చీల దిగి కూర్చుంది. ఆమె పందెం గెలిచేసినట్టే కేక పెట్టింది.

పందెం బాటకు ఇరువైపులా ఇసకేస్తే రాలనంత జనం. జెండా దిగింది. ఎద్దులు మయిలై, కారి రెండూ కట్లు తెంచుకున్నట్టు దూకాయి. చక్రాలు నేలను తాకుతున్నాయో లేదో తెలియలేదు. మరగతం గట్టు మీద చెప్పులు వదిలేసి పరిగెత్తింది. కొత్త చీల కొట్టిన ఎడమ చక్రం మీదే ప్రాణం పెట్టుకుంది. చక్రం నిలిచింది. బళ్ళన్నీ ఒక్కొక్కటిగా పరిగెత్తాక, అందరికన్నా తక్కువ సమయం వెళ్ళింగిరి బండిదేనని మైకులో చెప్పారు. ఆమె ఏ ఎద్దు మెడ పట్టుకుని ఏడ్చిందో ఆమెకే తెలియదు.

నాచిముత్తు జనాన్ని తోసుకుంటూ పళనియమ్మాళ్ దగ్గరికి వచ్చాడు. "అక్కయ్యా, ఇప్పుడు ధర నువ్వు చెప్పిందే. తోలుకుపోనా?"

మరగతం ఎద్దుల పగ్గాలు రెండూ పట్టుకుంది. మాట ఇచ్చినా అమ్మను నమ్మలేం. ధర ఎంత పెరిగిందో ఆమెకూ తెలుసు.

పళనియమ్మాళ్ ఎద్దుల్ని చూసింది, వాటి మధ్య దుమ్ము కొట్టుకుని, వట్టి కాళ్ళతో నిలబడ్డ కూతుర్నీ చూసింది.

"ఈ పిల్ల పెట్టందే అవి మేత ముట్టవు నాచిముత్తూ," అంది. "తోలుకుపోతే మూడింటినీ తోలుకుపోవాలి. ఆ మూడోదాని తిండి నువ్వు తట్టుకోలేవు. పో, ఇంకెక్కడైనా చూసుకో."