ఒక్కరికి ఎంత

"నీదేముందిలే, మిగిలింది సర్దుకుంటావుగా" అన్నాడు భర్త, ఆదివారం మధ్యాహ్నం అన్నం గిన్నె తనవైపు లాక్కుంటూ. ఇరవై రెండేళ్లుగా వింటున్న మాటే. ఆమె సర్దుకుంది. అడుగున ఉన్న నాలుగు ముద్దలు తిని, అంట్లు తోమి, పిచ్చుకను చూడ్డానికి బయలుదేరింది.

పిచ్చుక ఆమె కన్నకూతురేమీ కాదు. ఆమె పనిచేసే పిల్లల హోమ్‌లో నాలుగేళ్ల వయసు నుంచీ పెరిగిన పిల్ల. పద్దెనిమిది నిండితే ఎవరైనా హోమ్ వదలాల్సిందే. అలా వెళ్లేవాళ్లకి గది వెతికిపెట్టడం, బ్యాంకు ఫారాలు నింపడం, గ్యాస్ స్టవ్ వాడటం నేర్పడం ఆమె ఉద్యోగం. వెళ్లాక ఎలా ఉన్నారో చూసి రావడం మాత్రం ఉద్యోగంలో లేదు. "జీతం రాని పనులంటే మా కోడలికి మహా ఇష్టం" అంటుంది అత్తగారు. అందులో తన ఇంటి వంట కూడా ఉందని ఆవిడకి తట్టదు పాపం.

మేడమీద ఒంటి గది. తలుపు తీసిన పిచ్చుక కళ్లు ఉబ్బి ఉన్నాయి. వెనక స్టవ్ మీద అన్నం పొంగి, మూతను తోసుకుని గట్టంతా పరుచుకుంది.

"ఎంత తగ్గించినా పదిమందికి అవుతోంది పిన్నీ. వారం నుంచీ చద్దన్నమే. హోమ్ వార్డెన్‌గారు ఫోన్ చేశారు. వచ్చెయ్, వంట చేస్తూ పడుందువుగాని అన్నారు. వెళ్లిపోతాను."

"మరి నర్సింగ్ కాలేజీ?"

పిల్ల గుడ్డ తీసుకుని గట్టు తుడవసాగింది. నలభైమందికి వండే పిల్లకి కాలేజీ ఎక్కడ కుదురుతుంది? ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది. హోమ్‌లో నలభైమందికి వండి చెయ్యి తిరిగిన పిల్లకి ఇక వంట నేర్పేదేముందని అప్పట్లో తనే అనుకుంది.

"ఆ గ్లాసు ఇటివ్వు. ఒక్కరికి ఎంతో చూపిస్తాను" అంటూ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. భర్తకి, కొడుక్కి, అత్తగారికి కలిపి రెండు గ్లాసులు, కళ్లు మూసుకుని పోయగలదు. ఒక్కరికి?

"నీకెంత పోసుకుంటావు పిన్నీ?"

"నాకంటూ పోసుకోనే."

పిచ్చుక ఆమెను ఎగాదిగా చూసింది. "అయితే నీకూ రాదన్నమాట."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అర గ్లాసు వండితే పిచ్చుకకి చాల్లేదు. ఇంకాస్త పోసి మళ్లీ వండారు. "ఈసారి నువ్వు తిను, కొలత తేలాలి" అని పిచ్చుక కంచం ఆమె ముందు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. వేడి అన్నం, తన ఒక్కదాని కోసం వండింది. మొదటి ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది. కంచం ఖాళీ అయింది, గిన్నె కూడా. పిచ్చుక గ్లాసు మీద పెన్నుతో గీత గీసి, వార్డెన్‌కి ఫోన్ చేసి రానని చెప్పింది.

ఆ సాయంత్రం ఇంట్లో, తన గ్లాసు మీద కూడా అంత ఎత్తులోనే గీత గీసి, ముందు ఆ గీత దాకా బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. తర్వాత ఎప్పటిలా రెండు గ్లాసులు.

"ఎక్కువ పోస్తున్నావేంటి, చుట్టాలొస్తున్నారా?" అన్నాడు భర్త.

"లేదు. ఇవాళ్టి నుంచి నేను కూడా తింటాను."