జనానా తెర

నల్లటి తెర. దానికి కొబ్బరినూనె వాసన, వాడిన మల్లెల వాసన, చెమట వాసన.

ఆ వాసన పుష్పమ్మకు గిట్టేది కాదు. అయినా దానికే ముక్కు ఆనించి కూర్చునేది.

పురానాపూల్ దగ్గరి టాకీసులో వెనకవైపు ఆడవాళ్ల గది — జనానా. దీపాలు వెలిగి ఉన్నంతసేపూ మగవాళ్ల కళ్లు పడకుండా ముందు తెర దించి ఉంచాలి. దీపాలు ఆరగానే తాడు లాగి ఎత్తాలి. ఆట మొదలయ్యాక తలుపుకు లోపల గొళ్లెం పెట్టాలి. అదే ఆమె నౌకరి. బస్సు డిపోలో పనిచేసే తండ్రి ఇశ్రాయేలు, టాకీసు మేనేజరు కాళ్లావేళ్లా పడి ఇప్పించాడు. ఇంట్లో ఉంటే గల్లీవాళ్లతో రోజూ లొల్లి.

పదహారేళ్లు. తల్లిని మింగి పుట్టిందని ఒక పేరు. రెప్ప వెయ్యకుండా చూస్తుందని ఇంకో పేరు. పోలీసు యాక్షన్ అయిపోయి ఏళ్లు గడిచాయి, రాజ్యం మారింది... గల్లీ మాత్రం మారలేదు. ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా ముందు ఈ పిల్ల గుమ్మం వైపు చూసి తిట్టేవాళ్లు. ఆ తర్వాతే హకీం దగ్గరికి పోయేవాళ్లు.

పుష్పమ్మ మంచి పిల్లేమీ కాదు. అదీ చెప్పాలి.

నల్లా దగ్గర తన బిందెను కాలితో తన్నిందని, అదే గల్లీలో ఉండే కృష్ణమ్మ చెయ్యి పట్టుకుని కొరికింది. నెత్తురొచ్చినా వదల్లేదు. అందరినీ అసహ్యించుకునేది — నిద్ర లేచింది మొదలు, అలుపు లేకుండా.

ప్రభాకర్ ఆమెను వంతెన మీద చూశాడు. ఏ కంపెనీ అండా లేని మనిషి. అరువు తెచ్చుకున్న కెమెరా, భయపెట్టే సినిమా తియ్యాలనే పిచ్చి. మూసీ నీళ్లను అలాగే చూస్తూ నిలబడ్డ పిల్ల దగ్గర ఆగిపోయాడు.

"నువ్వేం యాక్టింగ్ చెయ్యకు బిడ్డా. గిట్లనే చూడు. గంతే."

చూసింది. బహదూర్‌పురాలో పాడుబడ్డ మేడలో చూసింది. మూసీ ఒడ్డు బురదలో చూసింది. కథ ఆమెకు కొత్తేమీ కాదు — గల్లీ వెలివేసిన ఒక పిల్ల, ఆ పిల్ల చూపు పడ్డ ఇంట్లో చావు. గుడ్డల మూటను పసిబిడ్డలా ఎత్తుకుని నీళ్లలో ముంచమన్నాడు. ముంచింది. కోడి మెడ కొరకమన్నాడు. కొరికింది. ప్రభాకరే అటు తిరిగి వాంతి చేసుకున్నాడు.

ఇదంతా ఒక్క సీను కోసం చేసింది.

చివర్లో వస్తుంది అది. ఒక తల్లి — నాటకాలు వేసే రాధాబాయి — ఆ పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని చిక్కులు పడ్డ జుట్టు విప్పి దువ్వుతుంది. "నీ తప్పేం లేదు బిడ్డా" అంటుంది. వెలుగు సరిపోలేదని మళ్లీ తీశారు. మళ్లీ తీశారు. ఆ వెలుగు ఎప్పటికీ సరిపోకూడదని పుష్పమ్మ కోరుకుంది.

పుట్టాక ఆమె తల నిమిరిన ఆడచెయ్యి అదొక్కటే. నటన అయితే అయింది. చెయ్యి వెచ్చగా ఉంది.

గల్లీ అది చూడాలి. కృష్ణమ్మ చూడాలి. చూశాక ఏం జరగాలో ఆమెకు తెలియదు... చూస్తే చాలు.

సినిమా ఆ టాకీసుకే వచ్చింది. మొదటిరోజు మ్యాట్నీ ఆటకు గల్లీ ఆడవాళ్లంతా కట్టకట్టుకుని వచ్చారు. తాడు దగ్గరున్న పిల్లకు కొంగు తగలకుండా సర్దుకుంటూ దాటిపోయారు.

"పీడ ఈడనే కూసున్నదే," అంది నాగమణమ్మ.

"కూసోనియ్. అండ్ల దాన్ని సంపుతరంట. గది చూద్దామనే వచ్చిన," అంది కృష్ణమ్మ.

చివరి సీను సంగతి వీళ్లకేం తెలుసు అనుకుంది పుష్పమ్మ. లోలోపల నవ్వుకుంది.

దీపాలు ఆరాయి. గొళ్లెం పెట్టింది. తాడు లాగింది. బొమ్మ పడింది.

గోడంత ముఖం — తనదే. రెప్ప వెయ్యదు. ఆడవాళ్లు కెవ్వుమన్నారు, పిల్లలను కొంగుల్లో దాచుకున్నారు. పుష్పమ్మకు హాయిగా ఉంది. భయపడండి, ఇంకా భయపడండి... చివరికి మీరే ఏడుస్తారు.

చివర వచ్చింది. ఒడ్డున పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. ఇప్పుడు రాధాబాయి రావాలి. దువ్వెన పట్టుకుని రావాలి.

రాలేదు.

రాళ్లు వచ్చాయి. ఎవరెవరివో చేతులు. నీళ్లలోకి తోసిన ఒక వీపు — పుష్పమ్మది కాదు, ఇంకెవరినో పెట్టి తీశాడు. ఆ వీపు మీద నీళ్లు మూసుకున్నాయి. పొద్దున ప్రభాకర్ మేనేజరుతో అన్న మాట ఆమెకు ఇప్పుడు అర్థమైంది. "జాలి పుట్టిందంటే భయం సస్తదన్నా. గందుకే అది కోసి పారేసిన."

జనానా అంతా చప్పట్లు కొట్టింది.

కృష్ణమ్మ లేచి నిలబడి కొట్టింది, పంటిగాట్ల మచ్చలున్న ఆ చెయ్యితోనే. తాడు పట్టుకున్న పుష్పమ్మ వైపు చూడనైనా లేదు.

పుష్పమ్మ తాడు వదిలేసింది.

తెర పడింది. అవతల బొమ్మ ఇంకా ఆడుతోంది, సంగీతం వినిపిస్తోంది. ఇవతల చీకటి.

"ఏందే, ఇంకా అయిపోలే. తెర లేపు," అని ఎవరో అరిచారు.

ఆమె తలుపు దగ్గరికి పోయి గొళ్లేనికి వీపు ఆనించి నిలబడింది. చీకట్లో ఒక పసిబిడ్డ ఏడవబోయింది. తల్లి దాని నోరు మూసింది. కృష్ణమ్మ తడుముకుంటూ తలుపు దాకా వచ్చింది, ఆగింది.

"పుష్పమ్మా... తలుపు తియ్యి బిడ్డా."

గల్లీలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఇంతవరకూ లేరు.

పుష్పమ్మ చెయ్యి చాపింది. కృష్ణమ్మ జడ తగిలింది. నూనె రాసి బిగించి అల్లిన జడ. కొసన పట్టుకుని, ఒక్కో పాయనూ మెల్లగా విప్పడం మొదలుపెట్టింది.

"నీ తప్పేం లేదు బిడ్డా," అంది, రాధాబాయి అన్నట్టే.

కృష్ణమ్మ కదల్లేదు. ఎవరూ కదల్లేదు.

నల్లటి తెర. కొబ్బరినూనె వాసన, వాడిన మల్లెల వాసన, చెమట వాసన...